పని ఒక చోట, పడక ఒక చోట: సాంటా క్లారా కౌంటీ కథ

కిందటివారం చెప్పినట్టే ఈసారి మనం అమెరికా వెళ్తున్నాం. న్యూయార్కూ కాదు, వాషింగ్టనూ కాదు. ఒక కౌంటీకి వెళ్తున్నాం. పేరు సాంటా క్లారా. ఈ పేరు విననివాళ్ళు కూడా అక్కడి ఊళ్ళ పేర్లు వినే ఉంటారు. శాన్ హోసే, సన్నీవేల్, కూపర్టీనో, మౌంటెన్ వ్యూ, మిల్పిటాస్, పాలో ఆల్టో. మన వైపు ఏ వీధిలో చూసినా "మావాడు సన్నీవేల్‌లో ఉంటాడండీ" అనే తల్లో తండ్రో ఒకరైనా కనిపిస్తారు. మనం సిలికాన్ వ్యాలీ అంటున్నది చాలామటుకు ఈ ఒక్క కౌంటీయే.

2023లో నేను మూడు నెలలు అక్కడ ఉన్నాను. మా చెల్లెలి కొడుకు దగ్గర. సన్నీవేల్‌లో వాడుండే చోటికి దగ్గర్లో, కాలిఫోర్నియా అవెన్యూ మీద, పాత నీళ్ళ ట్యాంకు ఒకటుంది. చుట్టూ ఆఫీసు భవనాలు, మధ్యలో పొడుగు కాళ్ళ మీద ఈ ట్యాంకు. దానికి రంగులు వేసి, అచ్చం పళ్ళముక్కల డబ్బాలాగా చేశారు. "ఇదేమిట్రా?" అని అడిగాను. "ఏమో మామయ్యా, ఏదో ఆర్ట్ అనుకుంటా" అన్నాడు. ఆరేళ్ళుగా రోజూ ఆ దారిన ఆఫీసుకి వెళ్తున్నవాడు.

ఆర్ట్ ఏమీ కాదు. అక్కడ లిబ్బీ కంపెనీ వాళ్ళ పెద్ద క్యానరీ ఉండేది. పళ్ళు కోసి, ఉడికించి, డబ్బాల్లో పెట్టి సీలు వేసే ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ పోయింది, ట్యాంకు మిగిలింది. దాన్ని చూశాకే ఈ కౌంటీ గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక విషయం మళ్ళీ మళ్ళీ ఎదురైంది. ఈరోజు మీతో చెప్పాలనుకున్నది అదే.

దానికి ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేశాను. టీచర్లకి జనాభా లెక్కల డ్యూటీ తప్పదు కదా. 2001 లెక్కల్లో, ఫిబ్రవరి 28 రాత్రి, ఇల్లు లేనివాళ్ళని లెక్కపెట్టే పని ఉంటుంది. టార్చిలైటు పట్టుకుని బస్టాండూ, రైల్వేస్టేషనూ, గుడి అరుగులూ తిరిగాం. బస్టాండులో దుప్పటి ముసుగేసుకుని పడుకున్న ఒకాయన్ని లేపి వివరాలు అడిగాను. మార్కెట్‌లో మూటలు మోస్తాడట. పదకొండేళ్ళుగా మా ఊళ్ళోనే. మా ఊరికి వచ్చే ఉల్లిపాయ బస్తాలు ఆయన వీపు మీద నుంచే దిగుతాయి. కానీ మా ఊళ్ళో ఆయనకి పడుకోవడానికి చోటు లేదు. అప్పటినుంచీ ఏ ఊరి గురించి చదివినా రెండు ప్రశ్నలు వేసుకోవడం నాకు అలవాటైపోయింది. ఇక్కడ పని ఎవరు చేస్తున్నారు? రాత్రికి వాళ్ళెక్కడ పడుకుంటున్నారు?

ఈ రెండు ప్రశ్నలు జేబులో పెట్టుకుని సాంటా క్లారా కౌంటీలోకి వెళ్దాం.

కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. కాకపోతే కలెక్టరు ఉండడు. ప్రజలు ఎన్నుకున్న ఐదుగురు సూపర్‌వైజర్లు నడుపుతారు. పెద్ద ప్రభుత్వాసుపత్రి, జైలు, ఎన్నికలు, పేదల సాయం వాళ్ళ చేతిలో ఉంటాయి. కౌంటీ లోపల 15 నగరాలున్నాయి. ఎక్కడ ఇళ్ళు కట్టాలి, ఎక్కడ ఆఫీసులు కట్టాలి అన్నది ఏ నగరం హద్దుల్లో ఆ నగరమే తేల్చుకుంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

2020 సెన్సస్ ప్రకారం కౌంటీ జనాభా 19,36,259. అందులో శాన్ హోసే నగరానిదే 10 లక్షల పైన. ఇంచుమించు పది మందిలో నలుగురు ఆసియా మూలాలవాళ్ళు, నలుగురిలో ఒకరు మెక్సికో వగైరా లాటిన్ మూలాలవాళ్ళు. ఉద్యోగాలు 11 లక్షల దాకా ఉన్నాయి. సగటు కుటుంబం ఆదాయం ఏడాదికి లక్షా 50 వేల డాలర్ల పైమాటే. ఇంత డబ్బున్న కౌంటీలో, 2023 జనవరిలో ఇల్లు లేనివాళ్ళని లెక్కపెడితే 9,903 మంది తేలారు.

ఇది ఈమధ్య వచ్చిన తేడా అనుకుంటాం. కాదు. మొదటినుంచీ ఇదే వరస.

ఓలోనీ అనే ఆదివాసుల నేల ఇది. 1777లో స్పానిష్‌వాళ్ళు వచ్చి సాంటా క్లారా మిషనూ, శాన్ హోసే ఊరూ పెట్టారు. 1850లో కాలిఫోర్నియాలో మొదట ఏర్పడ్డ 27 కౌంటీల్లో ఇదొకటి. ఇక్కడి మొదటి పెద్ద పరిశ్రమ ఏమిటో తెలుసా? పాదరసం. 1845లో న్యూ ఆల్మడెన్ దగ్గర కొండల్లో గని మొదలైంది. మూడేళ్ళకి కాలిఫోర్నియాలో బంగారం దొరికింది. రాయిలోంచి బంగారాన్ని పట్టి తీయడానికి పాదరసం కావాలి. గని యజమానుల పంట పండింది. గనిలో పనివాళ్ళు మెక్సికన్లు, ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్ళు. కొండమీద వీళ్ళ పేటలు వేరువేరు. ఒకటి స్పానిష్ టౌన్, ఇంకొకటి ఇంగ్లిష్ టౌన్. ఒకే గనిలో దిగేవాళ్ళు, పొద్దుగూకితే వేరువేరు పేటలకి ఎక్కేవాళ్ళు. గని మూతబడి దశాబ్దాలైనా, ఆ పాదరసం ఇప్పటికీ వాగుల్లో ఉంది. గ్వాడలూపే నదిలో పట్టిన చేప తినొద్దని బోర్డులుంటాయి.

పాదరసం తర్వాత పళ్ళు. 1856లో లూయీ పెలియే అనే ఫ్రెంచివాడు తన దేశంలోని ఆజెన్ ప్రాంతం నుంచి ప్లమ్ కొమ్మలు తెప్పించి ఇక్కడ అంటు కట్టాడు. ఆ పండుని ఎండబెడితే ప్రూన్. ఇక్కడి ఎండ దానికి సరిగ్గా సరిపోయింది. ఆ తర్వాత ఆప్రికాట్, చెర్రీ, పేరు, వాల్‌నట్. వసంతంలో లోయంతా తెల్లటి పూలు. మనసుకి హాయి గొలిపే లోయ అని పేరు పెట్టి, ఆ పూలు చూడ్డానికి రమ్మని ప్రకటనలు వేసేవాళ్ళు. 1871లో శాన్ హోసేలో మొదటి క్యానరీ పెట్టారు. క్రమంగా డెల్ మాంటే, లిబ్బీ లాంటి పెద్దవాళ్ళు దిగారు.

మరి ఆ పళ్ళు కోసిందెవరు? తోటల్లో మొదట చైనావాళ్ళు పనిచేశారు. వాళ్ళు పడుకున్నదెక్కడ? శాన్ హోసే నడిబొడ్డున మార్కెట్ స్ట్రీట్‌లో ఒక చైనా పేట ఉండేది. 1887 మేలో దాన్ని తగలబెట్టారు. ఎవరో దుండగులు చేశారంటే సరిపోదు. ఆ పేటని అక్కడినుంచి తీసెయ్యాలని నగరపాలకులే అంతకుముందు నుంచి పట్టుబట్టి ఉన్నారు. ఆ తప్పుకి నగరం క్షమాపణ చెప్పింది. ఎప్పుడు? 2021లో. 134 ఏళ్ళు పట్టింది.

చైనావాళ్ళు రాకుండా 1882లోనే చట్టం చేశారు కాబట్టి, తర్వాత జపానువాళ్ళు వచ్చారు. వాళ్ళు కూలికే ఆగలేదు, కౌలుకి తీసుకుని స్ట్రాబెర్రీలూ కూరగాయలూ పండించారు. 1913లో కాలిఫోర్నియా ఇంకో చట్టం తెచ్చింది. పౌరసత్వానికి అర్హతలేని పరదేశీయులు భూమి కొనకూడదు. పేరు చెప్పకపోయినా అది జపానువాళ్ళ కోసమే. 1942లో యుద్ధం పేరుతో, అక్కడే పుట్టిన పిల్లలతో సహా వాళ్ళందర్నీ రైళ్ళెక్కించి శిబిరాలకి పంపారు. అందులో శాన్ హోసేకి చెందిన పదేళ్ళ పిల్లవాడు ఒకడున్నాడు. వయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ శిబిరంలో ముళ్ళకంచె వెనక పెరిగాడు. పేరు నార్మన్ మినెటా. 1971లో అదే శాన్ హోసేకి మేయరుగా గెలిచాడు. ఇవాళ మనవాళ్ళు అక్కడ దిగే విమానాశ్రయానికి ఆయన పేరే.

క్యానరీల్లో పని ఎక్కువగా ఆడవాళ్ళది. ఇటాలియన్లు, పోర్చుగీసువాళ్ళు, తర్వాత మెక్సికన్లు. ఎండాకాలం మూడు నాలుగు నెలలు ఊపిరి సలపని పని, మిగతా ఏడాది ఖాళీ. 1931లో కూలి తగ్గించారని సమ్మె కట్టారు, శాన్ హోసే పార్కులో సభ పెడితే పోలీసులు చెదరగొట్టారు. మెక్సికన్ కుటుంబాలు ఊరికి తూర్పున ఒక పేటలో ఉండేవి. మట్టి రోడ్లు, వానొస్తే మోకాలి లోతు బురద. దానికి వాళ్ళే పెట్టుకున్న పేరు సాల్ సీ ప్వేదెస్. "చేతనైతే బయటపడు" అని అర్థం. సీజర్ చావెజ్ పేరు వినే ఉంటారు, అమెరికాలో వ్యవసాయ కూలీల నాయకుడు. 1952లో ఆయన జనాన్ని కూడగట్టే పని మొదలుపెట్టింది ఆ బురదలోనే.

ఇప్పుడు అంకెలు చూద్దాం. 1940లో కౌంటీ జనాభా 1,74,949. 1950లో 2,90,547. 1960లో 6,42,315. 1970కి 10 లక్షల 60 వేలు దాటింది. ముప్ఫై ఏళ్ళలో ఆరింతలు. పిల్లలు పుట్టి పెరిగితే ఇంత పెరగదు. పని వచ్చింది, పని వెంట మనుషులొచ్చారు.

ఆ పని ఏమిటో మీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. 1939లో పాలో ఆల్టోలో ఒక కారు షెడ్డులో హ్యూలెట్, ప్యాకార్డ్ మొదలుపెట్టారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 1951లో తన భూమిలో ఇండస్ట్రియల్ పార్కు పెట్టింది. 1956లో లాక్‌హీడ్ క్షిపణుల విభాగం సన్నీవేల్‌కి వచ్చింది. అదే ఏడు షాక్లీ మౌంటెన్ వ్యూలో ట్రాన్సిస్టర్ల లాబ్ పెట్టాడు. మరుసటేడు అందులోంచి ఎనిమిది మంది బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టారు. అందులోంచి 1968లో ఇంటెల్. 1971లో ఒక పత్రికలో సిలికాన్ వ్యాలీ అన్న పేరు అచ్చయింది. ఒక సంగతి మర్చిపోకూడదు. తొలిరోజుల్లో ఈ చిప్పులకి పెద్ద గిరాకీ రక్షణశాఖదీ, అంతరిక్ష కార్యక్రమానిదీ. షెడ్డు కథ నిజమే, షెడ్డు వెనక సర్కారు డబ్బూ నిజమే.

అయితే నాకు ఆసక్తి కలిగించింది షెడ్డు కాదు, హద్దులు. 1950లో శాన్ హోసేకి డచ్ హామన్ అనే సిటీ మేనేజరు వచ్చాడు. 1969 దాకా ఉన్నాడు. ఊరిని పెంచడమే ఆయన పని. రోడ్డు వెంట సన్నటి చీలికలాగా భూమి కలుపుకుంటూ పోయి, దాని పక్క తోటలు కలుపుకునేవాడు. 17 చదరపు మైళ్ళ ఊరు, ఆయన దిగిపోయేసరికి 130 చదరపు మైళ్ళు దాటింది. ఈ మింగుడు చూసి చుట్టుపక్కల ఊళ్ళు భయపడ్డాయి. మమ్మల్ని కలిపేసుకోకముందే మేమే ఒక నగరం అయిపోతాం అని, 1954లో మిల్పిటాస్, 1955లో కూపర్టీనో, 1956లో సారటోగా, ఇలా ఎవరికివాళ్ళు హద్దులు గీసుకున్నారు. కౌంటీలో 15 నగరాలుండటానికి ఇదొక పెద్ద కారణం. హద్దు గీసుకున్న ప్రతి ఊరికీ, ఇళ్ళు కట్టనివ్వాలా వద్దా అని చెప్పే హక్కు వచ్చింది.

ఆ హక్కు ఏం చేసిందో ఒక్క మిల్పిటాస్ కథ చెబుతాను.

1955లో ఫోర్డు కంపెనీ రిచ్‌మండ్ అనే ఊళ్ళో ఉన్న కార్ల ఫ్యాక్టరీని మూసేసి మిల్పిటాస్‌కి మార్చింది. పనివాళ్ళందరికీ ఉద్యోగం అక్కడే ఉంటుంది, రమ్మన్నారు. వాళ్ళలో నల్లజాతివాళ్ళూ ఉన్నారు. తెల్లవాళ్ళు వచ్చి ఫ్యాక్టరీ దగ్గర కొత్త కాలనీల్లో ఇళ్ళు కొనుక్కున్నారు. నల్లవాళ్ళకి అమ్మేవాడు లేడు. ఉద్యోగం ఇస్తారు, ఇల్లు ఇవ్వరు. కొందరు కార్లలో జట్లుగా రోజూ గంటకు పైగా వచ్చి, మళ్ళీ గంటకు పైగా వెనక్కి వెళ్ళేవాళ్ళు. ఏళ్ళ తరబడి. చివరికి వాళ్ళ యూనియనే పూనుకుని, ఎవరైనా కొనుక్కోవచ్చు అనే షరతుతో ఒక కాలనీ కట్టించింది. దాని పేరు సన్నీహిల్స్. దాన్ని ఆపడానికి మురుగు కాలవ కలిపే ఫీజుని కూడా అడ్డం పెట్టారు. అయినా కట్టారు. యూనియన్ తరఫున కొట్లాడినవాళ్ళలో బెన్ గ్రాస్ అనే నల్లజాతి కార్మికుడు ఒకరు. 1966లో ఆయనే మిల్పిటాస్ మేయరయ్యాడు.

ఆ ఫ్యాక్టరీ 1983లో మూతబడింది. 1994లో దాన్ని షాపింగ్ మాల్ చేశారు. గ్రేట్ మాల్. మన పిల్లలు, ఊరినుంచి అమ్మానాన్నా వస్తే బ్యాగులూ బూట్లూ కొనిపెట్టడానికి తీసుకెళ్తారే, అదే. నన్నూ తీసుకెళ్ళారు. బూట్లు కొనుక్కున్నాను కూడా. అప్పటికి ఈ కథ నాకు తెలియదు.

ఇక చిప్పుల దగ్గరికి వద్దాం. చిప్పు అనగానే మనకి ఇంజనీరు గుర్తొస్తాడు. 1960, 70ల్లో చిప్పుల ఫ్యాక్టరీల్లో లైన్ల మీద కూర్చుని, మైక్రోస్కోపులో చూస్తూ వెంట్రుకకంటే సన్నటి తీగలు అతికించిందీ, యాసిడ్లలో పలకలు కడిగిందీ ఎక్కువగా ఆడవాళ్ళు. మెక్సికన్, ఫిలిప్పీనో, 1975 తర్వాత వియత్నాం నుంచి కాందిశీకులుగా వచ్చినవాళ్ళు. వియత్నాం బయట ఏ ఒక్క నగరంలోనూ లేనంతమంది వియత్నామీలు ఇవాళ శాన్ హోసేలో ఉన్నారు. క్యానరీలో పనిచేసిన తల్లి కూతురు చిప్పుల లైన్లో కూర్చుంది. వేళ్ళ పని వేళ్ళ పనే, డబ్బా మారింది.

తెల్లటి గౌన్లు వేసుకుని పనిచేసే చోటు కాబట్టి ఇది కాలుష్యం లేని పరిశ్రమ అని అందరూ నమ్మారు. 1981 చివర్లో దక్షిణ శాన్ హోసేలో ఫెయిర్‌చైల్డ్ ప్లాంటు దగ్గర భూమిలో పాతిన ట్యాంకు లీకయి, ద్రావకం తాగునీటి బావిలోకి చేరిందని తేలింది. ఆ పేటలో గర్భస్రావాలు, పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుకంటే ఎక్కువగా ఉన్నాయని రాష్ట్ర ఆరోగ్యశాఖ అధ్యయనం చెప్పింది. దానికీ దీనికీ లంకె రుజువు కాలేదన్నారు. తర్వాత తవ్వి చూస్తే ఒకటి కాదు. సూపర్‌ఫండ్ అని, కేంద్రప్రభుత్వం శుద్ధి చేయించాల్సిన విషస్థలాల జాబితా ఉంటుంది. ఈ ఒక్క కౌంటీలోవి 23. అమెరికాలో ఇంకే కౌంటీలోనూ అన్ని లేవు. కొండమీద పాదరసం మిగిలినట్టే, కింద ద్రావకాలు మిగిలాయి.

ఇప్పుడు ఇంటి ధర సంగతి. 1978 జూన్‌లో కాలిఫోర్నియా ప్రజలు ప్రొపొజిషన్ 13 అనే చట్టాన్ని ఓటేసి గెలిపించుకున్నారు. ఇంటిపన్ను విలువలో ఒక్క శాతం దాటకూడదు. ఇల్లు అమ్మేదాకా పన్ను కోసం చూసే విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదు. ముసలివాళ్ళు పన్ను కట్టలేక ఇళ్ళు పోగొట్టుకుంటున్నారన్న బాధలోంచి పుట్టిన చట్టం, ఆ బాధ నిజమే. కానీ ఫలితం చూడండి. పక్కపక్కనే రెండు ఒకేలాంటి ఇళ్ళు. ఒకాయన 1977లో కొన్నాడు, ఇంకొకాయన మొన్న కొన్నాడు. మొన్న కొన్నాయన ఎన్నో రెట్లు పన్ను కడతాడు. పాతాయన అమ్మితే నష్టం, అమ్మడు. నగరపాలకుడి లెక్క ఇంకొకటి. ఇళ్ళు కడితే పన్ను తక్కువ, బడి, పార్కు, నీళ్ళు అని ఖర్చెక్కువ. దుకాణమో ఆఫీసో వస్తే ఆదాయం ఎక్కువ, ఖర్చు తక్కువ. అందుకని ప్రతి నగరం ఆఫీసులకి తలుపు తీసి, ఇళ్ళు పక్క ఊళ్ళో కట్టుకోండి అంది. పక్క ఊరూ అదే అంది. ఇళ్ళు కట్టే భారం చాలామటుకు శాన్ హోసే మీద పడింది. అమెరికా పెద్ద నగరాల్లో రాత్రి జనాభా కంటే పగటి జనాభా తక్కువ ఉండేది శాన్ హోసేలోనే అంటారు. పొద్దున్నే అందరూ ఉత్తరంవైపు ఆఫీసులకి పోతారు. అంతటి శాన్ హోసేలోనూ ఇళ్ళ కోసం కేటాయించిన నేలలో 94 శాతం, ఒక స్థలంలో ఒక్క కుటుంబమే ఉండాలన్న నిబంధన కిందే చాలాకాలం ఉండిపోయింది.

చివరికి 2024లో, శాన్ హోసే చుట్టుపక్కల మామూలు ఇంటి మధ్యస్థ ధర 20 లక్షల డాలర్లు దాటింది. అమెరికాలో ఏ మహానగర ప్రాంతంలోనైనా అలా దాటడం అదే మొదలు.

మనవాళ్ళు ఈ కథలోకి ఎప్పుడొచ్చారు? 1965 చట్టం తర్వాత డాక్టర్లూ ఇంజనీర్లూ కొద్దికొద్దిగా వచ్చారు. అసలు రాక 1990 చట్టంతో. హెచ్1బి వీసా అప్పుడే పుట్టింది, ఏడాదికి 65 వేలు. 2000 సంవత్సరానికి కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయన్న వైటూకే గొడవలో, అమీర్‌పేటలో కోర్సు నేర్చుకున్నవాళ్ళు కూడా విమానం ఎక్కారు. వీసాల పరిమితి 2001 నుంచి మూడేళ్ళు లక్షా 95 వేలకి పెంచారు. సిలికానాంధ్ర అన్న మాట పుట్టిందీ 2001లోనే. డాట్‌కామ్ బుడగ అప్పటికే పగలడం మొదలైంది. మూడు నాలుగేళ్ళలో కౌంటీ ఇంచుమించు రెండు లక్షల ఉద్యోగాలు పోగొట్టుకుంది. ఐదు ఉద్యోగాల్లో ఒకటి. పరిమితి పెరిగిందీ, పని పోయిందీ ఒకే కాలంలో.

ఇక్కడ మా వాడి సంగతి. నేను వెళ్ళిన మూడోవారంలో ఒకరోజు పొద్దున్నే ఈమెయిల్ వచ్చింది. ఉద్యోగం తీసేశారు. ఏ కంపెనీ అన్నది మనకి అనవసరం, ఆ నెల చాలా కంపెనీల్లో అదే జరిగింది. హెచ్1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులు గడువు. ఆ లోపల ఇంకో కంపెనీ వీసా దరఖాస్తు పెట్టాలి, లేదా దేశం వదలాలి. గ్రీన్‌కార్డు ఏది అంటారేమో. ఒక్కో దేశానికి 7 శాతం అన్న లెక్కలో మనవాళ్ళ వరస కదలదు. మా కోడలు ఫ్రిజ్ మీద క్యాలెండరు అంటించి, రోజుకొక గీత కొట్టేది. వాళ్ళ పాప అక్కడే పుట్టింది, దానికి గడువు లేదు. "నాన్నా, గీతలెందుకు?" అని అడిగితే ఎవరం ఏమీ చెప్పలేదు.

ఆ రోజుల్లో నాకు రాత్రి నిద్రపట్టక, మా వాడితో కలిసి ఎల్ కమీనో రియాల్ మీద నడిచేవాణ్ణి. కౌంటీ పొడవునా పోయే పాత రాజమార్గం. మన దోసెల హోటళ్ళు, కిరాణా కొట్లు, బిర్యానీ సెంటర్లు అన్నీ ఆ రోడ్డు మీదే. ఆ రోడ్డు మీద 22 నంబరు బస్సు తిరుగుతుంది. పాలో ఆల్టో నుంచి తూర్పు శాన్ హోసే దాకా. చాలా ఏళ్ళపాటు అది రాత్రంతా నడిచే బస్సు. ఇల్లు లేనివాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని అందులో ఎక్కి పడుకునేవాళ్ళు. చివరి స్టాపులో దించేస్తే, తిరిగి ఎక్కేవాళ్ళు. దానికి హోటల్ 22 అని పేరు పడింది, దాని మీద డాక్యుమెంటరీ కూడా తీశారు. అందులో పడుకున్నవాళ్ళలో పగలు పనికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు.

అది చదివాక మా ఊరి బస్టాండులో మూటలు మోసే ఆయన గుర్తొచ్చాడు. ఆయన పడుకున్న బస్టాండు కదలదు. ఇక్కడ పడకే కదులుతోంది.

బస్సులోకే రాలేనివాళ్ళు కొండలవతల, స్టాక్టన్, ట్రేసీ లాంటి ఊళ్ళలో ఉంటారు. చీకటితోనే లేచి వస్తారు. వాళ్ళ కోసం 1998లో స్టాక్టన్ నుంచి శాన్ హోసేకి ఒక రైలు వేశారు. ఆఫీసులు ఊడ్చేవాళ్ళు, క్యాంటీన్లో వండేవాళ్ళు, బడిపంతుళ్ళు. అప్పట్లో ఫోర్డు ఫ్యాక్టరీకి గంటకు పైగా కారు నడిపిన నల్లజాతి కార్మికుణ్ణి ఆపింది రంగు. ఇవాళ వీళ్ళని ఆపుతున్నది అద్దె. రంగు అడ్డంపెట్టడం చట్టవిరుద్ధం. అద్దె అడ్డంపెట్టడం చట్టబద్ధం. అంతే తేడా.

మా వాడి కథ సుఖాంతమే లెండి. 47వ రోజున డాలస్‌లో ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. టెక్సాస్‌కి మారిపోయారు. వాడొక్కడే కాదు. 2020లో 19 లక్షల 36 వేలున్న కౌంటీ జనాభా, 2022 నాటికి 18 లక్షల 70 వేలకి తగ్గింది. కంపెనీల విలువ ఎంత ఉన్నా, ఆ రెండేళ్ళలో మనుషులు తగ్గారు. తోటలున్నప్పుడు పంట కోశాక కూలీలు వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు చదువుకున్న కూలీ వెళ్తున్నాడు. నేను కూలీ అంటే మా వాడికి కోపం వచ్చింది. "నేను సీనియర్ ఇంజనీర్ని మామయ్యా" అన్నాడు. నిజమేరా, కానీ ఉండాలా వెళ్ళాలా అన్నది నీ చేతిలో లేనప్పుడు ఆ మాటకి ఇంకే పేరు పెట్టాలి అన్నాను. వాడు జవాబు చెప్పలేదు.

అలాగని ఆ కౌంటీని తిట్టడానికి ఇది చెప్పలేదు. తప్పు చేసి 134 ఏళ్ళకైనా క్షమాపణ చెప్పే ఊరది. శిబిరంలో పెట్టిన పిల్లవాణ్ణి మేయరు చేసిన ఊరు. ఇల్లు లేనివాళ్ళ అంకెని దాచకుండా ప్రకటించే కౌంటీ. వాళ్ళ లెక్కలు వాళ్ళు పెట్టబట్టే ఇవన్నీ నేను మీకు చెప్పగలుగుతున్నాను.

మన సంగతేమిటి? హైదరాబాద్ చుట్టూ రంగారెడ్డి జిల్లాలో ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవి. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది. ఇవాళ తలసరి ఆదాయంలో తెలంగాణలో ముందున్న జిల్లా అదే. ఆ గాజు మేడలు కట్టిన పాలమూరు కూలీలు, బీహారు, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు, మేడ పూర్తయ్యాక రేకుల షెడ్డు విప్పుకుని ఇంకో చోటికి పోతారు. మనం సన్నీవేల్ నుంచి మేడలు కాపీ కొట్టాం. జాగ్రత్త పడకపోతే మిగతాది కూడా వచ్చేస్తుంది.

సన్నీవేల్ కమ్యూనిటీ సెంటరు పక్కన నగరంవాళ్ళు పదెకరాల ఆప్రికాట్ తోటని గుర్తుగా ఉంచుకున్నారు. తిరిగొచ్చే ముందు మా పాపని అక్కడికి తీసుకెళ్ళాను. చెట్లకి పూత మొదలైంది. "తాతా, వీటిని ఎవరు కోస్తారు?" అని అడిగింది. ఆరేళ్ళ పిల్ల మొదటి ప్రశ్న సరిగ్గానే వేసింది. రెండోది దానికి నేను నేర్పాలి.

మీరు కూడా మీ ఊరి గురించి ఈ రెండూ అడిగి చూడండి. మీ వీధి ఊడ్చే మనిషి, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, మీ పిల్లల బడి ఆయా, రాత్రికి ఎక్కడ పడుకుంటున్నారో కనుక్కోండి. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.